ఆఫీసు ఫైల్ సర్వర్ బ్యాకప్: సాఫ్ట్‌వేర్‌ను ఏ యంత్రం మీద ఇన్‌స్టాల్ చేయాలి?

ఆఫీసు ఫైల్ సర్వర్‌కు బ్యాకప్ పెట్టాలని అనుకున్నాక ఏ సాఫ్ట్‌వేర్ తీసుకోవాలన్న చర్చ చాలా రోజులు నడుస్తుంది. దాన్ని ఏ యంత్రం మీద ఇన్‌స్టాల్ చేయాలన్న విషయం మాత్రం సెటప్ ఫైల్ చేతికి వచ్చిన రోజున, అప్పటికి ఏ కంప్యూటర్ తెరిచి ఉంటే దాని మీదే, చర్చ లేకుండా తేలిపోతుంది. నా దృష్టిలో ఈ రెండో నిర్ణయమే బరువైనది. సాఫ్ట్‌వేర్ నచ్చకపోతే తర్వాత మార్చుకోవచ్చు. కానీ సర్వర్ పడిపోయిన రోజున బ్యాకప్ మిగిలి ఉంటుందా, మిగిలినా దాన్ని తెరిచే ప్రోగ్రాం ఇంకెక్కడైనా పనిచేస్తూ ఉంటుందా అన్నవి, మనం ఆ ప్రోగ్రాంను ఎక్కడ పెట్టామన్న దాని మీదే ఆధారపడతాయి.

## ప్రోగ్రాం ఒకటే, పనులు మూడు

ఈ ప్రశ్నకు జవాబుగా ఒకే యంత్రం పేరు చెప్పడం చాలాసార్లు కుదరదు, ఎందుకంటే బ్యాకప్ సాఫ్ట్‌వేర్ చేసేవి మూడు వేర్వేరు పనులు. సర్వర్ డిస్కు మీది ఫైళ్లను చదవడం ఒకటి. ఎప్పుడు, ఏ ఫోల్డర్లను తీసుకోవాలో, ఎన్నాళ్లు ఉంచాలో నిర్ణయించి ఆ లెక్కంతా రాసిపెట్టుకోవడం రెండోది. వచ్చిన డేటాను అందుకొని భద్రపరచడం మూడోది. 2000లో మొదలైన బాక్యులా అనే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ వీటిని ఫైల్ డీమన్, డైరెక్టర్, స్టోరేజ్ డీమన్ అని మూడు ప్రోగ్రాములుగానే విడదీసింది. ఏది ఏ యంత్రం మీద ఉండాలో పెట్టుకునేవారి ఇష్టం. ఇతర సాఫ్ట్‌వేర్‌లలో ఈ విభజన పైకి కనిపించకపోయినా లోపల ఉండనే ఉంటుంది. ఇక్కడ చదివేదాన్ని ఏజెంట్ అనీ, లెక్క చూసేదాన్ని నియంత్రణ ప్రోగ్రాం అనీ, భద్రపరిచే చోటును నిల్వ అనీ అందాం. మూడింటినీ ఒకే యంత్రంలో కుక్కడమా, విడదీయడమా, విడదీస్తే ఏది ఎక్కడ అన్నదే అసలు ఎంపిక.

## దేన్ని బట్టి నిర్ణయించాలి

అన్నిటికన్నా ముందు అడగవలసిన ప్రశ్న ఇది: ఫైల్ సర్వర్ మీద అడ్మినిస్ట్రేటర్ అధికారం చేజిక్కించుకున్నవాడు, అక్కడి నుంచే బ్యాకప్‌ను కూడా చెరపగలడా? 2017 మే నెలలో ప్రపంచమంతా వ్యాపించిన వానాక్రై అనే రాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి, తీయడానికి డబ్బు అడిగే ప్రోగ్రాం) ఫైళ్లకు తాళం వేసి ఊరుకోలేదు. విండోస్ తనలో తాను దాచుకునే షాడో కాపీలను, అంటే ఫైళ్లు ఒక క్షణంలో ఎలా ఉన్నాయో అలా పట్టి ఉంచిన ప్రతులను కూడా తొలగించింది. అది వాడుకున్న లోపానికి మైక్రోసాఫ్ట్ ఆ ఏడాది మార్చిలోనే సవరణ విడుదల చేసింది, అయినా ఎన్నో యంత్రాలు దెబ్బతిన్నాయి. ఆ తర్వాత వచ్చిన రాన్సమ్‌వేర్‌లు, వాటి వెనక ఉండి నెట్‌వర్క్‌లో రోజుల తరబడి తిరిగే మనుషులు, ముందుగా వెతికేది బ్యాకప్ ఎక్కడుందన్నదే. సర్వర్‌లో దాచిన పాస్‌వర్డ్‌తో తెరుచుకునే ప్రతి చోటూ వాళ్లకు సర్వర్‌లో భాగమే అవుతుంది.

రెండోది, సర్వరే లేని రోజు. మదర్‌బోర్డు కాలిపోయినా, డిస్కులు పోయినా, కొత్త యంత్రం తెచ్చి పెట్టేలోపు ఒక ముఖ్యమైన ఫోల్డర్‌నైనా ఎవరో ఒకరి కంప్యూటర్‌లోకి దింపగలమా? నియంత్రణ ప్రోగ్రాం కూడా ఆ సర్వర్‌తో పాటే పోతే, ముందు దాన్ని మళ్లీ ఇన్‌స్టాల్ చేసి, లైసెన్స్ ఎక్కించి, పాత బ్యాకప్‌లను దానికి పరిచయం చేసి, గంటల తరబడి పట్టే ఆ పని అంతా అయ్యాకే మొదటి ఫైల్ బయటికి వస్తుంది.

మూడోది, ఫైళ్లను ఎంత సంపూర్ణంగా చదవగలమన్నది. ఎవరో తెరిచి ఉంచిన అకౌంట్స్ ఫైలు, మెయిల్ ఫైలు మామూలు కాపీకి దొరకవు, లేదా సగం రాతలో ఉన్నవి దొరుకుతాయి. విండోస్ సర్వర్ 2003 నుంచి ఉన్న వాల్యూమ్ షాడో కాపీ సర్వీసు ఈ చిక్కును తీరుస్తుంది. లినక్స్‌లో ఎల్‌వీఎం, జెడ్ఎఫ్ఎస్, బీటీఆర్ఎఫ్ఎస్ అనే డిస్కు వ్యవస్థలు తీసే స్నాప్‌షాట్లు (ఒక క్షణపు ప్రతులు) దాదాపు అదే పని చేస్తాయి. అయితే వీటిని హాయిగా వాడుకోగలిగేది సర్వర్ మీదే నడిచే ప్రోగ్రాం. ఏ ఫోల్డర్‌ను ఎవరు చూడవచ్చు, ఎవరు మార్చవచ్చు అనే పర్మిషన్ల సంగతీ ఇంతే. విండోస్‌లోని రోబోకాపీ లాంటి మంచి కాపీ సాధనం కూడా ప్రత్యేకంగా చెబితే తప్ప డేటా, యాట్రిబ్యూట్లు, తేదీలు మాత్రమే కాపీ చేస్తుంది, పర్మిషన్లను వదిలేస్తుంది. జీతాల ఫోల్డర్‌ను పర్మిషన్లు లేకుండా రీస్టోర్ చేస్తే, అది ఏ షేర్‌లో (నెట్‌వర్క్ మీద పంచిన ఫోల్డర్‌లో) పడుతుందో ఆ షేర్ చూడగలిగిన వాళ్లందరి ముందూ తెరుచుకుంటుంది.

నాలుగోది సమయం. గిగాబిట్ నెట్‌వర్క్ మీద ఆచరణలో సెకనుకు 110 మెగాబైట్ల దాకా వస్తుంది. అంటే 1 టెరాబైట్ కదలడానికి రెండున్నర గంటలు. అదే 100 మెగాబిట్ల అప్‌లోడ్ ఉన్న ఇంటర్నెట్ మీద 22 గంటలు దాటుతుంది, 20 మెగాబిట్ల మీద నాలుగున్నర రోజులకు పైనే. ఇవన్నీ పెద్ద ఫైళ్లతో వచ్చే లెక్కలు. లక్షల కొద్దీ చిన్న ఫైళ్లు ఉంటే ఒక్కొక్కదాన్ని తెరిచి మూయడంలోనే సమయం పోతుంది కాబట్టి వేగం ఇంకా బాగా పడిపోతుంది.

ఐదోది, బ్యాకప్ ఆగిపోతే ఎవరికి, ఎలా తెలుస్తుంది? 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ సంస్థలో జరిగినది ఈ వ్యాసానికి నేరుగా సంబంధించినది. ఒక ఇంజనీరు పొరపాటున ప్రధాన డేటాబేస్ డైరెక్టరీని చెరిపాడు. రోజువారీ బ్యాకప్ తీయవలసిన ప్రోగ్రాం డేటాబేస్ ఉన్న యంత్రం మీద కాక అప్లికేషన్ సర్వర్ మీద నడుస్తోంది. అక్కడ డేటాబేస్ డైరెక్టరీ లేదు గనుక ఏ వెర్షన్ వాడాలో దానికి తెలియలేదు, 9.6 డేటాబేస్ మీద 9.2 సాధనం నడిచి ప్రతిసారీ విఫలమవుతూ వచ్చింది. విఫలమైందని పంపిన మెయిళ్లను అవతలి మెయిల్ సర్వర్ తిరస్కరించింది. చివరికి సుమారు ఆరు గంటల కిందట వేరే పని కోసం తీసిన స్నాప్‌షాట్ ఒకటి ఉండబట్టి, ఆ ఆరు గంటల మార్పులు తప్ప మిగతాది దక్కింది. ప్రోగ్రాం ఎక్కడ కూర్చుందన్నది చిన్న విషయం కాదని చెప్పడానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ నాకు తెలియదు.

## మొదటి దారి: ఫైల్ సర్వర్ మీదే అంతా

అందరూ ముందు చేసేది ఇదే, దీనికి కారణాలూ ఉన్నాయి. ఫైళ్లు పక్కనే ఉంటాయి, షాడో కాపీ సర్వీసు చేతికందుతుంది, పర్మిషన్లు పూర్తిగా వస్తాయి, గత రాత్రి నుంచి ఏ ఫైళ్లు మారాయో ఫైల్ సిస్టమ్ జర్నల్‌ను (డిస్కు రాసుకునే మార్పుల చిట్టాను) అడిగి తెలుసుకోవచ్చు గనుక లక్షల ఫైళ్లను తిరగేయనక్కర లేదు. మూడో కొలమానంలో దీన్ని మించినది లేదు. కొత్త యంత్రం కొనే అవసరమూ లేదు.

మొదటి రెండు కొలమానాల దగ్గరికి వచ్చేసరికి ఇది కుంగిపోతుంది. బ్యాకప్ ఎక్కడికి వెళ్తుందో ఆ చోటి పాస్‌వర్డ్ సర్వర్‌లోనే దాగి ఉంటుంది. అక్కడికి రాయగలిగిన ప్రోగ్రాం సాధారణంగా అక్కడున్నది చెరపగలదు కూడా. ఎప్పుడూ తగిలించి ఉండే యూఎస్‌బీ డిస్కు పరిస్థితి మరీ అధ్వాన్నం, ఎందుకంటే అది సర్వర్‌కు ఇంకో డ్రైవ్ మాత్రమే. విండోస్‌తో ఉచితంగా వచ్చే విండోస్ సర్వర్ బ్యాకప్‌ను వాడేవారు ఇంకొకటి గమనించాలి: నెట్‌వర్క్ షేర్‌కు పంపితే అది పాతదాన్ని తీసేసి కొత్తదాన్ని రాస్తుంది, అంటే చేతిలో ఎప్పుడూ ఒక్క ప్రతే ఉంటుంది. నిన్న రాత్రి పాడైన ఫైళ్లనే బ్యాకప్ తీసి ఉంటే, మొన్నటి మంచి ప్రతి లేనట్టే.

ఈ దారిని తప్పనిసరిగా ఎంచుకోవలసి వస్తే దాని లోటును చాలావరకు పూడ్చే మార్గం ఒకటుంది: నిల్వ వైపున "చేర్చవచ్చు, చెరపకూడదు" అన్న నియమం. రెస్టిక్ అనే బ్యాకప్ ప్రోగ్రాంతో వాడే రెస్ట్ సర్వర్‌లోనూ, బోర్గ్ అనే ఇంకో బ్యాకప్ ప్రోగ్రాంలోనూ ఈ సదుపాయం ఉంది. అమెజాన్ ఎస్3 క్లౌడ్ నిల్వలో ఆబ్జెక్ట్ లాక్ పేరుతో 2018 నుంచి ఉంది, ఆ తరహా నిల్వలు కొన్నిటిలోనూ ఉంది. ఒక జాగ్రత్త మాత్రం అవసరం. గడువు తీరిన పాత ప్రతులను తీసివేసే పని ఈ సర్వర్ చేతిలో కాక నిల్వ వైపునే వేరే అధికారంతో జరగాలి. ఆ నియమాన్ని కూడా "చివరి 10 ప్రతులు ఉంచు" అని రాయకూడదు, ఎందుకంటే దాడి చేసినవాడు పనికిరాని ప్రతులు పది సృష్టిస్తే మంచివన్నీ వాటంతట అవే పోతాయి. "30 రోజుల లోపువి ఏవీ తీయకు" అని రాయడం క్షేమం.

## రెండో దారి: వేరే బ్యాకప్ యంత్రం, సర్వర్ మీద చిన్న ఏజెంట్

నియంత్రణ ప్రోగ్రాం, నిల్వ రెండూ ఒక ప్రత్యేక కంప్యూటర్ మీద ఉంటాయి. ఫైల్ సర్వర్ మీద చదివే ఏజెంట్ మాత్రమే ఉంటుంది. బ్యాకప్ యంత్రం సమయానికి వచ్చి ఏజెంట్‌ను అడిగి డేటాను తనవైపు లాక్కుంటుంది. ఇక్కడ దిశే ముఖ్యం. బ్యాకప్ యంత్రానికి సర్వర్ తాళం తెలుసు, సర్వర్‌కు బ్యాకప్ యంత్రం తాళం తెలియదు. సర్వర్ పూర్తిగా శత్రువు చేతిలో పడినా, ఈ రాత్రి వచ్చే ప్రతి చెడుతుందేమో గాని నిన్నటి దాకా ఉన్నవి చెక్కుచెదరవు. తెరిచి ఉన్న ఫైళ్లు, పర్మిషన్లు ఏజెంట్ వల్ల మొదటి దారిలో లాగే సంపూర్ణంగా వస్తాయి. సర్వర్ కాలిపోయిన రోజున లెక్కంతా ఉన్న ప్రోగ్రాం ఇంకో యంత్రంలో పనిచేస్తూనే ఉంటుంది గనుక వెంటనే రీస్టోర్ మొదలుపెట్టవచ్చు.

ఈ ప్రయోజనం ఊరికే రాదు. ఆ యంత్రాన్ని ఆఫీసు డొమైన్‌లో (కంప్యూటర్లన్నిటినీ ఒకే చోటి నుంచి, ఒకే పాస్‌వర్డ్ల జాబితాతో నడిపే ఏర్పాటులో) చేర్చకూడదు. చేరిస్తే డొమైన్ అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్ దొంగిలించినవాడికి అది కూడా తెరుచుకుంటుంది. దానికి వేరే పాస్‌వర్డ్ ఉండాలి, దాని డిస్కులను షేర్ చేయకూడదు, దాని మీద బ్రౌజర్, మెయిల్ వాడకూడదు. సొంత అప్‌డేట్లు, సొంత యూపీఎస్, ఖాళీ ఎంత మిగిలిందో చూసే మనిషి కావాలి. ఇంకో సంగతి చాలామందికి తట్టదు: సర్వర్‌లోని ప్రతి ఫైలునూ చదివే అధికారం ఈ యంత్రానికి ఉంటుంది కాబట్టి, దీన్ని ఎత్తుకుపోతే ఆఫీసు రహస్యాలన్నీ పోయినట్టే. అందుకే డిస్కు ఎన్‌క్రిప్షన్, తాళం వేసే గది రెండూ అవసరం.

ఏజెంట్ పెట్టకుండా, బ్యాకప్ యంత్రం నుంచే షేర్ ఫోల్డర్లను నెట్‌వర్క్ మీద చదవడం దీనికి తక్కువ రకం రూపం. సర్వర్ మీద ఏమీ ఇన్‌స్టాల్ చేయనివ్వని చోట ఇది తప్పదు. కానీ తెరిచి ఉన్న ఫైళ్లు తప్పిపోతాయి, షేర్ చేయని ఫోల్డర్లు అసలు కనిపించవు, లక్షల ఫైళ్లను ప్రతి రాత్రీ నెట్‌వర్క్ మీద తిరగేయాలి. ఏజెంట్‌కు అనుమతి దొరికే అవకాశం ఏ మాత్రం ఉన్నా దాని కోసమే గట్టిగా అడగమంటాను.

## మూడో దారి: నాస్ పెట్టె మీద

నాస్ అంటే నెట్‌వర్క్‌కు తగిలించి ఫైళ్లు దాచుకునే డిస్కుల పెట్టె. చాలా నాస్ పెట్టెల్లో ఇప్పుడు బ్యాకప్ ప్రోగ్రాం కూడా వస్తోంది. అది విండోస్, లినక్స్ సర్వర్ల నుంచి డేటాను లాక్కుంటుంది, తన స్నాప్‌షాట్లు తాను తీసుకుంటుంది, కరెంటు తక్కువ తింటుంది, వెబ్ తెర మీద అన్నీ కనిపిస్తాయి. రెండో దారినే చిన్న పెట్టెలో పెట్టి ఇచ్చినట్టు ఉంటుంది. కంప్యూటర్ల మనిషి లేని ఆఫీసుకు ఇది నిజంగా మేలు.

పరిమితులు కొన్ని ఉన్నాయి. చిన్న ప్రాసెసర్ వల్ల పెద్ద రీస్టోర్లు, సరిచూసే పనులు నెమ్మదిస్తాయి. తయారీదారు ఆ మోడల్‌కు అప్‌డేట్లు ఆపిన రోజున భద్రత కూడా ఆగిపోతుంది. దూరం నుంచి చూసుకోవడానికి వీలుగా ఉంటుందని దాన్ని ఇంటర్నెట్‌కు తెరిచి పెట్టడం పెద్ద ప్రమాదం: 2022 జనవరిలో బయటపడిన డెడ్‌బోల్ట్ రాన్సమ్‌వేర్ అలా తెరిచి ఉన్న క్యూనాప్ కంపెనీ నాస్ పెట్టెలనే పట్టుకుంది. ఇక మీ ఫైల్ సర్వరే ఒక నాస్ అయితే, దాని మీది బ్యాకప్ ప్రోగ్రాం వాడటం మొదటి దారే అవుతుంది; ఈ పోలికలో అది మూడో దారి కాదు.

## నాలుగో దారి: వర్చువల్ హోస్ట్ స్థాయిలో

ఫైల్ సర్వర్ ఒక వర్చువల్ మెషిన్ అయితే, అంటే హోస్ట్ అనే అసలు యంత్రం లోపల సాఫ్ట్‌వేర్‌తో నడిచే కంప్యూటర్ అయితే, దాని లోపల ఏమీ పెట్టకుండా బయట నుంచి మొత్తం మెషిన్‌ను ఒకే ముక్కగా తీయవచ్చు. ఇలాంటి మెషిన్లను నడిపే సాఫ్ట్‌వేర్‌లలో, వీఎంవేర్‌లో 2009 నుంచి, హైపర్-విలో 2016 వెర్షన్ నుంచి, మారిన బ్లాకులను మాత్రమే గుర్తించే సదుపాయం ఉంది కాబట్టి లక్షల చిన్న ఫైళ్లు ఉన్నా సమయం పెద్దగా పెరగదు. కొత్త హోస్ట్ మీద మెషిన్‌ను యథాతథంగా నిలబెట్టవచ్చు. రెండో కొలమానంలో, అంటే సర్వరే లేని రోజున, దీనికి సాటి లేదు.

అయితే రెండు చోట్ల జనం పొరపాటు పడతారు. బ్యాకప్ సాఫ్ట్‌వేర్‌ను అదే హోస్ట్ మీద ఇంకో వర్చువల్ మెషిన్‌లో పెడతారు. హోస్ట్ పోతే రెండూ పోతాయి. రెండోది, వర్చువల్ మెషిన్‌కు నేరుగా కట్టిన భౌతిక డిస్కులు స్నాప్‌షాట్‌లోకి రావు. పెద్ద డేటా సరిగ్గా ఆ డిస్కు మీదే ఉంటే, సిస్టమ్ డ్రైవ్ మాత్రం రోజూ భద్రంగా బ్యాకప్ అవుతూ, కావలసినది మాత్రం బయటే ఉండిపోతుంది.

## క్లౌడ్ సేవ, ఉద్యోగి కంప్యూటర్

క్లౌడ్ సేవలో నియంత్రణ ప్రోగ్రాం, నిల్వ రెండూ సేవ అందించే సంస్థ దగ్గర ఉంటాయి. మనం ఏజెంట్ పెడితే చాలు. ఆఫీసు మొత్తం కాలినా, మునిగినా డేటా వేరే ఊళ్లో ఉంటుంది. పై లెక్కల ప్రకారం మొదటి పూర్తి ప్రతి పైకి వెళ్లడానికి రోజులు పట్టవచ్చు, దించుకోవడానికీ అంతే. ఇక్కడ అసలు ప్రమాదం ఖాతా. 2014 జూన్‌లో కోడ్ స్పేసెస్ అనే సంస్థ క్లౌడ్ ఖాతాలోకి ఎవరో చొరబడి డేటానూ, అదే ఖాతా నుంచి అందుతున్న బ్యాకప్‌లనూ చెరిపేశారు. ఆ సంస్థ మూతపడింది. 2021 మార్చి 10న ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ అనే క్లౌడ్ సంస్థ డేటా సెంటర్ భవనం ఒకటి కాలిపోయినప్పుడు, సర్వర్‌నూ బ్యాకప్‌నూ అదే ప్రాంగణంలో ఉంచుకున్నవాళ్లు రెండూ పోగొట్టుకున్నారు. క్లౌడ్‌లో ఉందంటే దూరంగా ఉందని అర్థం కాదు. ఏ ఖాతాలో, ఏ భవనంలో అని అడగాలి.

ఉద్యోగి కంప్యూటర్ మీద పెట్టడం గురించి ఎక్కువ చెప్పనక్కర లేదు. రాత్రి దాన్ని ఆపేస్తారు, పగలు దాని మీద మెయిల్ తెరుస్తారు, ఆ మనిషి ఉద్యోగం మానేస్తే కంప్యూటర్ చెరిపి ఇంకొకరికి ఇస్తారు. వద్దు.

## ఒక చూపులో

| ఎక్కడ | సర్వర్ దాడికి గురైతే బ్యాకప్ | సర్వర్ లేని రోజు | తెరిచిన ఫైళ్లు, పర్మిషన్లు | నిర్వహణ |
|---|---|---|---|---|
| సర్వర్ మీదే | చెరపలేని నిల్వ ఉంటేనే మిగులుతుంది | ముందు ప్రోగ్రాం మళ్లీ పెట్టాలి | చాలా బాగు | తక్కువ |
| వేరే యంత్రం, ఏజెంట్‌తో | మిగులుతుంది, డొమైన్ బయట ఉంటే | వెంటనే మొదలు | చాలా బాగు | ఎక్కువ |
| వేరే యంత్రం, ఏజెంట్ లేకుండా | మిగులుతుంది, డొమైన్ బయట ఉంటే | వెంటనే మొదలు | లోపాలున్నాయి | మధ్యస్థం |
| నాస్ | మిగులుతుంది, ఇంటర్నెట్‌కు తెరవకపోతే | వెంటనే, కొంత నెమ్మది | బాగు | తక్కువ |
| హోస్ట్ స్థాయి | నిల్వ హోస్ట్ బయట ఉంటే మిగులుతుంది | అన్నిటికన్నా వేగం | బాగు, నేరుగా కట్టిన డిస్కులు తప్ప | మధ్యస్థం |
| క్లౌడ్ | ఖాతా భద్రతను బట్టి | ఇంటర్నెట్ వేగాన్ని బట్టి | బాగు | తక్కువ |

## మీ పరిస్థితికి ఏది

పది మంది లోపు పనిచేసే ఆఫీసు, 1 టెరాబైట్ లోపు డేటా, కంప్యూటర్లు చూసే మనిషి వారానికోసారి వచ్చిపోతాడు: నాస్ మీద ప్రోగ్రాం పెట్టి, ఏజెంట్‌తో లాగించి, ఆ నాస్ నుంచి ఒక ప్రతిని క్లౌడ్‌కు పంపమంటాను. మూడు ప్రతులు, రెండు రకాల నిల్వలు, ఒకటి బయట అన్న పాత నియమం ఇంతటితోనే నెరవేరుతుంది. నాస్ కూడా కుదరకపోతే సర్వర్ మీదే పెట్టండి, కానీ చెరపలేని నిల్వ తప్ప ఇంకెక్కడికీ పంపవద్దు.

సొంత ఐటీ మనిషి ఉన్న మధ్యతరహా ఆఫీసుకు నా సిఫారసు నిస్సందేహంగా రెండో దారి. వేరే యంత్రం పోషించడం శ్రమే. అయితే ఆ శ్రమ రోజుకు కొన్ని నిమిషాలుగా పంచుకుని పడేది, లేకపోతే అదంతా ఒకే రోజున పడుతుంది. సర్వర్లన్నీ వర్చువల్ అయితే హోస్ట్ స్థాయి బ్యాకప్‌నే ప్రధానంగా పెట్టుకోండి. నియంత్రణ ప్రోగ్రాం మాత్రం భౌతికంగా వేరే యంత్రం మీద ఉండాలి. ఫైల్ సర్వర్‌లోనే డేటాబేస్ కూడా నడుస్తుంటే హోస్ట్ బ్యాకప్‌తో పాటు ఆ మెషిన్ లోపల ఏజెంట్‌ను కూడా పెట్టడం మేలు, అప్పుడు ఒక టేబుల్ కోసం మెషిన్ మొత్తాన్ని వెనక్కి తిప్పే అవసరం రాదు.

ఏ దారి ఎంచుకున్నా ఎన్‌క్రిప్షన్ పాస్‌వర్డ్‌ను ఆ సర్వర్‌లోని ఫైలులో దాచవద్దు. కాగితం మీద రాసి, ఇద్దరు బాధ్యులకు తెలిసేలా, తాళం ఉన్న చోట పెట్టండి. విఫలమైతే మెయిల్ వస్తుందని నమ్మి ఊరుకోవద్దు. విజయవంతమైన ప్రతిరోజూ ఒక మెయిల్ వచ్చేలా పెట్టుకుంటే, అది రాని రోజే హెచ్చరిక అవుతుంది.

ఇప్పటికే అంతా సర్వర్ మీదే నడుస్తున్నవాళ్లు ఒక్క రోజులో మార్చనక్కర లేదు. ముందు నిల్వను చెరపలేనిదిగా చేయండి, ఆ తర్వాత వేరే యంత్రాన్ని సిద్ధం చేసి కొత్త షెడ్యూల్‌ను పాతదానితో పాటు నడపండి. సర్వర్‌తో సంబంధం లేని ఖాళీ కంప్యూటర్‌లోకి ఒక పెద్ద ఫోల్డర్‌నూ, ఒక అకౌంట్స్ ఫైలునూ పర్మిషన్లతో సహా దించి, ఆ అకౌంట్స్ ఫైలు తెరుచుకుంటుందో లేదో, జీతాల ఫోల్డర్ ఎవరెవరికి కనిపిస్తోందో చూడండి. అది సరిగ్గా వచ్చాకే పాత షెడ్యూల్‌ను ఆపండి. పాత ప్రతుల నిలవ గడువు తీరేదాకా, వాటిని చదవగల ఆ పాత వెర్షన్ సెటప్ ఫైలును, లైసెన్స్ కీని కొత్త బ్యాకప్ యంత్రంలోనే ఒక ఫోల్డర్‌లో ఉంచండి.